సరిపోదమ్మ వేసిన అంచనా

ప్రభుత్వ భవనాలు కట్టించే ఆ కార్యాలయంలో, కన్నవాళ్లు పెట్టిన పేరుతో ఆమెను పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. గుమ్మం దగ్గర కూర్చునే అటెండరు మొదలు పెద్ద ఇంజనీరు దాకా అందరికీ ఆమె సరిపోదమ్మే. ఎదురుగా ఉంటే మేడమ్ అంటారు, అటు తిరగ్గానే సరిపోదమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒకసారి ఫోనెత్తి తనే పొరపాటున "సరిపోదమ్మని మాట్లాడుతున్నానండీ" అనేసి, నవ్వాపుకోలేక ఫోను పెట్టేసింది కూడా.

ఆమె పని కట్టబోయే భవనానికి ఎంత ఖర్చవుతుందో ముందుగా లెక్కగట్టడం. తోటివాళ్లు వేసిన అంచనా ఏది తన బల్ల మీదికి వచ్చినా కాగితాలు అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు పైకి తోసుకుని, నెమ్మదిగా "ఇది సరిపోదండీ" అనేది. కటువుగా కాదు. వడ్డించే మనిషి గిన్నె అడుగు కనిపిస్తోందని చెప్పినట్టు, తనే కాస్త నొచ్చుకుంటూ అనేది. ఎందుకు సరిపోదో కూడా చెప్పేది. చెప్పినట్టే జరిగేది. ఆమె మీద అందరికీ ఒళ్లుమంట అందుకే.

ఆ కార్యాలయంలో అంచనాలు పుట్టే తీరు చూసి తీరాలి. కొత్త కట్టడం వస్తే బీరువాలోంచి పాత కట్టడం అంచనా తీస్తారు. పేరు మార్చి, తేదీ మార్చి, పొడవు వెడల్పులు కొంచెం సవరించి పైకి పంపేస్తారు. అలా ఒకసారి కొండ మీద కట్టాల్సిన గిడ్డంగికి, ఏటి ఒడ్డున కట్టిన పంపుహౌసు అంచనా ఎక్కించారు. "సామాను దాటించడానికి పడవ అద్దె" అన్న పద్దు కూడా భద్రంగా కొండెక్కింది. పై కార్యాలయం దాన్ని చూడనే చూడలేదు, మంజూరు చేసింది. తీరా పని మొదలయ్యాక పడవకు డబ్బుంది గాని, కొండపైకి నీళ్లు మోయించడానికి లేదు. ఇప్పటికీ టీ వేళకు ఎవరైనా ఆలస్యంగా వస్తే "పడవ దొరకలేదా?" అని వేళాకోళం చేస్తారు.

ఇంకో తీరు ఉంది. రాజధానిలోని పై కార్యాలయంలో ఖర్చులు పరిశీలించే అధికారి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ కత్తెరాయన అంటారు. ఏ అంచనా వెళ్లినా అందులో అయిదోవంతు కోస్తే గాని సంతకం పెట్టడు. ఆయన కోస్తాడని తెలిసి వీళ్లు ముందే ఆ మేరకు కలిపి రాస్తారు. వీళ్లు కలుపుతారని తెలిసి ఆయన కోస్తాడు. ఏళ్ల తరబడి సాగిన ఈ దాగుడుమూతల్లో, ఒక గోడకు నిజంగా ఎంతవుతుందన్న సంగతి ఇటువాళ్లకూ అటువాళ్లకూ కూడా మరుపున పడిపోయింది.

సరిపోదమ్మ మాత్రం ఉన్నదున్నట్టు రాసేది. పక్క సీటాయన తలపట్టుకునేవాడు.

"అమ్మా తల్లీ, ఆయన కోసుకోడానికి కొంత కలపవమ్మా. నీదేం పోయింది?"

"లేనిది ఉందని రాయమంటారా అన్నయ్యా?"

"అందరూ రాస్తున్నారు కదా!"

"అందుకే ఆయన కోస్తున్నారు కదా!"

పక్క సీటాయన సీసాలో నీళ్లు గడగడ తాగి తన పనిలో పడేవాడు.

ఆ పట్టణంలోని పెద్దాసుపత్రి వెనక కొన్ని పిల్లర్లు ఏళ్లుగా అలాగే నిలబడి ఉన్నాయి. పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల మీద జనం బట్టలారేసుకునేవారు. రోగుల వెంట వచ్చినవాళ్లు తలదాచుకోడానికి తలపెట్టిన వసతి గృహం అది. ఆ స్థలం ఒకప్పుడు పెద్ద గొయ్యి అనీ, కూల్చిన ఇళ్ల శిథిలాలతో పూడ్చారనీ మొదటి అంచనా వేసినవాళ్లు ఎవర్నీ అడగలేదు. పునాదులు గట్టినేల దాకా దిగేసరికి డబ్బంతా నేలలోకే పోయింది. పిల్లర్లు లేచాయి, పని ఆగింది.

అందుకని రోగుల వాళ్లు ఆసుపత్రి వరండాలోనే పడుకునేవారు. వాన కొడితే గోడవారకు జరిగి, చాపలు నిలబెట్టి, పసిపిల్లల్ని మధ్యలో ఉంచుకుని కూర్చునేవారు. అక్కడ కూడా మంచితనానికి కొదవ లేదు. ఊడ్చే ఆవిడ తెల్లారగట్ల వచ్చి, నిద్రపోతున్నవాళ్లను లేపడం ఇష్టంలేక చీపురు పక్కన పెట్టుకుని కాసేపు కూర్చునేది. టీ కొట్టతను పసిపిల్లల పాలసీసాలకు వేడినీళ్లు ఊరికే పోసేవాడు. దేవుడు కప్పు వెయ్యడం ఆలస్యం చేసినా, మనుషుల్ని మాత్రం ముందే పంపించాడు అనుకునేది సరిపోదమ్మ. వాళ్లమ్మ చివరి రోజుల్లో ఆమె కూడా ఆ వరండాలోనే పడుకుంది.

ఒకరోజు పెద్ద ఇంజనీరు పిలిచాడు. మంచి మనిషే. పదవీ విరమణ దగ్గర పడటంతో ప్రతి కాగితానికీ భయపడేవాడు.

"ఆసుపత్రి వెనక పని నీకు అప్పగిస్తున్నానమ్మా. పూర్తి చెయ్యడానికి ఎంతవుతుందో వెయ్యి. ఇదే ఆఖరిసారి. ఈసారి మంజూరు కాకపోయినా, మంజూరై మళ్లీ మధ్యలో ఆగినా, పిల్లర్లు కొట్టేసి బళ్లు నిలిపే చోటు చేస్తామని ఆసుపత్రివాళ్లు రాసిచ్చారు."

"కొట్టేస్తారా అండీ?"

"కొట్టేస్తారు. కాబట్టి ఖర్చు మన ఆఫీసు మంజూరు చెయ్యగల మొత్తం దాటకుండా చూడు. దాటిందంటే కత్తెరాయన దగ్గరికి వెళ్తుంది. ఈ ఏడాది గోడలు, వచ్చే ఏడాది కప్పు, అట్లా రెండు ముక్కలు చేసి రాశావనుకో, ఇక్కడే మంజూరు చేసుకుందాం."

"వచ్చే ఏడాది కప్పు రాకపోతేనండీ?"

పెద్ద ఇంజనీరు కిటికీ వైపు చూశాడు. "ప్రతిదానికీ అట్లా అడిగితే ఎట్లాగమ్మా?" అన్నాడు గాని, గొంతులో కోపం లేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి బస్సు డ్రైవరైన భర్త ఇంట్లోనే ఉన్నాడు, ఆయనకు సెలవు రోజు. ఆయన ఇంట్లో ఉన్ననాడు వంట ఆయనదే. ముందుగదిలో ఆమె తండ్రి కుట్టుమిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తున్నాడు. జీవితమంతా దర్జీ. చూపు తగ్గినా అలవాటు తగ్గలేదు.

"ముఖం అట్లా ఉందేమే?" అన్నాడు తండ్రి.

ఆమె అంతా చెప్పింది. ఆయన సూదిని మిషను మీద గుచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"చొక్కాకి చాలని గుడ్డ పట్టుకొచ్చినవాడితో, ముందు ఒంటికి కుట్టేస్తా, చేతులు వచ్చే ఏడాది చూద్దాం అని నేనెప్పుడైనా అన్నానా? కొట్టు దగ్గరే చెప్పేవాణ్ని, ఇంకో మూర తెచ్చుకో బాబూ అని. కొందరు తిట్టుకుంటూ పోయేవాళ్లు. పోయి మూర తెచ్చుకునేవాళ్లు."

"మరి కత్తెరాయన?"

"కత్తెర చెడ్డదేం కాదమ్మా, నాకన్నం పెట్టింది అదే. ఎక్కడ కొయ్యాలో దానికి గీత చూపించాలి. అంతే."

వంటింట్లోంచి భర్త అరిచాడు. "మావయ్యా, మీ ఉపన్యాసం అయితే కంచాలు పెడతాను. కూర సరిపోతుందో లేదో మీ అమ్మాయినొచ్చి చూడమనండి!"

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకుంటూ ఆమె ఒకటే అడిగింది. లెక్క తప్పకుండా చూడు స్వామీ, ఆ తర్వాత నీ ఇష్టం.

మర్నాడు ఆమె టేపు, సున్నం డబ్బా, ఒక సుత్తి తీసుకుని ఆసుపత్రి వెనక్కి వెళ్లింది. బీరువా జోలికి పోలేదు. సుత్తితో ప్రతి పిల్లరునూ కొట్టి చప్పుడు విన్నది. చువ్వల తుప్పు గీకి చూసింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను వాన నీరు ఎటు పారుతుందో అడిగింది. ఆ తర్వాత మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసినట్టే, పిల్లర్ల మధ్య గోడలు వచ్చేచోటల్లా నేల మీద సున్నంతో గీతలు వేసింది. ఇటు ఆడవాళ్ల హాలు, అటు మగవాళ్ల హాలు, వెనక స్నానాల గదులు, పక్కన వంటచోటు. తలుపులు వచ్చేచోట గీత ఆపింది. కాగితం మీద కొలిస్తే మూలలు మరిచిపోతామని ఆమె భయం. నేల మీద నడిచి కొలిస్తే అడుగు అడుగుకూ ఏం కావాలో గుర్తొస్తుంది.

రెండోరోజు మిగిలిన కొలతలకు వచ్చి చూస్తే గీతల మధ్య జనం ఉన్నారు! వరండాలో చోటు చాలనివాళ్లు తమ చాపలు, సంచులు తెచ్చి, సున్నపు గదుల్లో సర్దుకున్నారు. ఆడవాళ్లు ఆడవాళ్ల హాల్లో, మగవాళ్లు అటువైపు. వంటచోట ఎవరో రాళ్లు పెట్టి పాలు కాచుకుంటున్నారు. అందరికీ పెత్తనం ఒక పెద్దావిడది. కోడలికి విడతలు విడతలుగా వైద్యం చేయిస్తూ నెలల తరబడి అక్కడే ఉంటున్న అత్తగారు. వార్డు పెద్దమ్మ అని ఆసుపత్రి అంతా పిలుస్తారు.

"గీతలు తొక్కి చెరపకండర్రా! పాపం ఆ అమ్మాయి నడుం వంచి వేసింది," అని కేకలేస్తోంది పెద్దమ్మ. సరిపోదమ్మను చూడగానే, "రామ్మా, రా. తలుపు ఇటు," అని పిలిచింది.

సరిపోదమ్మ తలుపులోంచే వెళ్లింది.

అంచనా తయారైంది. తుప్పు గీకడం నుంచి తలుపు గొళ్లాల దాకా ఏదీ వదల్లేదు, ఏదీ పెంచలేదు. మొత్తం చూసి పెద్ద ఇంజనీరు కళ్లు మూసుకున్నాడు. అది వాళ్ల అధికారం దాటిపోయింది. అంతకన్నా, చివర ఆమె రాసిన వాక్యాలు చూసి ఆయనకు చెమటలు పట్టాయి. "ఇందులో కోత కోసం ఏమీ కలపలేదు. కోయదలిస్తే దయచేసి వచ్చి, ఎక్కడ కోయాలో నేల మీద చూపించవలసిందిగా ప్రార్థన."

"ఇది అంచనానా, పెళ్లి పిలుపా?" అన్నాడు పక్క సీటాయన భుజం మీదుగా తొంగిచూసి.

"తీసెయ్యమ్మా ఆ మాట," అన్నాడు పెద్ద ఇంజనీరు.

"తీసేస్తానండీ. తీసేస్తే ఆయన అక్కడే కూర్చుని అయిదోవంతు కోస్తారు. అప్పుడు కప్పు ఉండదు. పిల్లర్లు కొట్టేస్తారు."

ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి, "నాకు మిగిలినవి ఎన్నాళ్లులే," అని సంతకం చేసి, చెయ్యి కాలినట్టు కాగితం ఇవతలికి తోసేశాడు. ఆ ఒక్క సంతకానికి సరిపోదమ్మ ఆయన్ని జన్మంతా తలుచుకుంది.

కత్తెరాయన నిజంగానే వచ్చాడు. అందరూ ఏ పులో దిగుతుందనుకుంటే, చంకలో గొడుగు, చేతిలో ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీతో సన్నటి మనిషి ఒకాయన బస్సు దిగాడు. మాట కూడా మెత్తన.

"నన్ను పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరమ్మా. ఏమంటారో చూద్దామని వచ్చాను."

పిల్లర్ల దగ్గరికి రాగానే ఆయన తిన్నగా లోపలికి అడుగేశాడు.

"బాబూ, బాబూ!" పెద్దమ్మ చెయ్యెత్తింది. "గోడలోంచి వచ్చేస్తున్నావు. తలుపు అటుంది."

వెంట వచ్చిన పెద్ద ఇంజనీరు పెద్దమ్మను ఆపబోయాడు. కత్తెరాయన కాలి కింద చూసుకున్నాడు. సున్నపు గీత. వెనక్కి అడుగేసి, చుట్టూ తిరిగి, గీత లేనిచోటుకు వచ్చి, అక్కడ చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చాడు.

కాని ఆయన వచ్చింది కోయడానికే. మొహమాటపడలేదు. ఆడవాళ్ల హాలు పొడవునా నడిచి, "ఇంత ఎందుకమ్మా? ఈ చివర తగ్గిద్దాం," అని ఒకచోట నిలబడ్డాడు.

సరిపోదమ్మ పాత గీతను కాలితో చెరిపి, ఆయన నిలబడ్డచోట కొత్త గీత వేసింది. ఆ గీత అవతల ముగ్గురు ఆడవాళ్లు పడ్డారు. ఒకావిడ ఒంటిమీద స్పృహ లేనంత నిద్రలో ఉంది.

"లేపకండి, రాత్రంతా పిల్లాడి దగ్గర మేలుకుంది," అంటూ పెద్దమ్మ ఆవిడ చాప కొస పట్టి ఇవతలికి లాగింది. "జరగండమ్మా, జరగండి. సారు గోడ జరిపారు."

ఉన్నవాళ్లంతా సంచులు ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని చోటిచ్చారు. అయినా నిద్రపోతున్నావిడ పాదాలు గీత దాటి బయటే ఉండిపోయాయి. కత్తెరాయన ఆ పాదాలవైపు చూసి, గొడుగు చేతులు మార్చుకున్నాడు.

"పాతచోటనే వెయ్యండి గీత," అన్నాడు.

స్నానాల గదుల దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. ఆసుపత్రి కుళాయి దగ్గర బకెట్ల వరస చూశాడు. ఏదీ తగ్గించకుండా ముందుకు కదిలాడు. వంటచోటు దగ్గర మాత్రం ఆగాడు.

"హాలుకూ దీనికీ మధ్య ఈ నిలువెత్తు గోడ ఎందుకు?"

"పొగ రాకుండానండీ," అంది సరిపోదమ్మ.

"పొగ పోవడానికి కిటికీలు వేశారుగా? అమ్మా, మీరు చెప్పండి," అని పెద్దమ్మ వైపు తిరిగాడు. "ఇక్కడ గోడ కావాలా?"

"మాకెందుకు బాబూ ఆ గోడ? పాలు పొయ్యి మీద పెట్టి అటు చూస్తే పిల్లాడు కనపడడు, పిల్లాణ్ని చూస్తే పాలు పొంగిపోతాయి. నడుమెత్తుంటే చాలు."

సరిపోదమ్మ నాలిక కరుచుకుంది. "అయ్యో, నాకు తట్టనే లేదండీ!"

"దొరికింది!" అన్నాడు కత్తెరాయన. ఆ ముఖం ఎంత వెలిగిపోయిందంటే చుట్టూ ఉన్నవాళ్లందరికీ నవ్వొచ్చింది. ఆయనకూ నవ్వొచ్చింది. "ఇంట్లో కూరలో నూనె కాస్త తగ్గించమన్నా మా ఆవిడ 'మొదలెట్టారూ!' అంటుంది. ఇక్కడ నన్ను సమర్థించినవాళ్లు ఒకరున్నారు!"

అక్కడే పిల్లరుకు ఆనుకుని కూర్చుని, క్యారేజీ విప్పి, ముందు పెద్దమ్మకు పెట్టి తర్వాత తను తిన్నాడు. తింటూ అన్నాడు.

"నేను కోసేదంతా వాళ్లు నాకోసం కలిపిందేనమ్మా. మీరు ఏమీ కలపలేదు. అందుకని కొయ్యబోతే చేతులు రావట్లేదు. ఆ గోడ డబ్బు కూడా తీసెయ్యను. అనుకోనివి అని ఒక పద్దు ఉంటుంది కదా, అందులో వేసుకోండి. నేల కింద ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

వారం తిరక్కుండా మంజూరు వచ్చింది. ఒక్క అంకె కూడా తగ్గలేదు. పక్క సీటాయన ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు, దొంగనోటేమోనన్నట్టు.

టెండరుకు ముందు కాంట్రాక్టర్లు స్థలం చూడటానికి వచ్చారు. వాళ్లలో ఎక్స్‌ట్రా అన్న అని ఒకడున్నాడు. పని వచ్చిన మనిషి. కాని ఎప్పుడూ అందరికన్నా తక్కువ రేటుకు టెండరు వేసి పని దక్కించుకోవడం, ఆ తర్వాత అంచనాలో లేనివి వెతికి పట్టుకుని ఎక్స్‌ట్రా అని రాబట్టడం అతని పద్ధతి. ఆ రోజు కూడా ఏది మరిచిపోయారా అని మూలమూలనా వెతికాడు.

"మేడమ్, చువ్వలు తుప్పు పట్టాయి. గీకించాలి మరి."

"ఉందన్నా."

"పని జరిగేటప్పుడు ఈ జనాన్ని ఎక్కడ పెడతారు? రేకుల షెడ్డు కావాలి."

"అదీ ఉంది."

"వాననీళ్లు తోడటం?"

"అది కూడా రాశాను."

ఎక్స్‌ట్రా అన్న నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మరి మాకేం మిగిల్చావమ్మా? మమ్మల్ని బతకనివ్వవా?"

"పని చేసి సంపాదించుకునేది మిగిల్చానన్నా. అదేం తక్కువ కాదు, లాభం కూడా సరిగ్గానే కట్టాను. ఎక్స్‌ట్రాలు వస్తాయని నమ్ముకుని రేటు తగ్గించావంటే మునిగిపోతావు. నీకు మునగడం ఇష్టమైనా, నాకు ఇష్టం లేదు."

ఇన్నేళ్లలో తన లాభం గురించి ఆలోచించిన ఆఫీసు మనిషి అతనికి తగల్లేదు. గడ్డం గీరుకుంటూ వెళ్లిపోయాడు. టెండర్లు తెరిచినప్పుడు చూస్తే, అతని రేటు అంచనాకు ఒక పిసరు తక్కువగా, నిక్కచ్చిగా ఉంది. పని అతనికే దక్కింది.

గోడలు లేచాయి. నడుమెత్తు గోడ నడుమెత్తునే ఆగింది. స్లాబుకు అడుగున సెంట్రింగు చెక్కలు కొట్టే సమయానికి, వెనకాల సెప్టిక్ ట్యాంకుకు గొయ్యి తవ్వుతుంటే గునపం ఠంగుమంది. ఎక్స్‌ట్రా అన్న పరుగెత్తుకొచ్చాడు.

"దొరికింది! మేడమ్, దొరికింది! పిలవండి మేడమ్‌ని!" అని నిధి దొరికినవాడిలా గెంతాడు.

సరిపోదమ్మ వచ్చి చూసేసరికి, మట్టి కింద పూర్వమెప్పుడో రాతితో కట్టిన పెద్ద మురుగుకాలువ గొయ్యికి అడ్డంగా పోతోంది. ఏ పటంలోనూ లేదు. చుట్టుపక్కల వాళ్లెవరికీ తెలియదు. అందులో ఇంకా నీళ్లు పారుతున్నాయి. దాన్ని పక్కకు మళ్లించనిదే ట్యాంకు రాదు, ట్యాంకు లేనిదే భవనం తెరవరు. మధ్యలో ఆగితే కొట్టేస్తారు. గోడల్నీ, పిల్లర్లనీ, మొత్తాన్నీ.

అక్కడే మట్టికుప్ప మీద కూర్చుని లెక్క కట్టింది. అనుకోనివి పద్దులో ఉన్నదంతా, గోడ తగ్గించగా మిగిలిన దానితో సహా, వేసి చూసింది. కొత్త రాయి కొని కాలువ కట్టాలంటే చాలదు. ఇంకొంచెం కావాలి. ఆ కొంచెం కోసం పైకి రాయాలి. రాస్తే పని ఆగుతుంది.

ఎక్స్‌ట్రా అన్న గెంతడం మానేసి ఆమె ముఖం చూశాడు. వెనక షెడ్డులోంచి పెద్దమ్మ లోటాతో మజ్జిగ తెచ్చి, "ముందు ఇది తాగు నాయనా, పొద్దుట్నించీ ఎండలో ఉన్నావు," అని అతని చేతిలో పెట్టింది. ఆమె రోజూ అలాగే పెడుతుంది, అతను రోజూ తాగుతాడు. ఆ రోజు మాత్రం తాగుతూ తాగుతూ గొయ్యిలోకి దిగాడు. చాలాసేపు రాళ్లు తట్టి చూశాడు.

"మేడమ్, కొత్తరాయి ఎందుకు? ఈ రాయి మనకన్నా గట్టిగా ఉంది. జాగ్రత్తగా ఊడదీసి ఇదే పక్కన పేరుద్దాం. కూలీ, సిమెంటు, అంతే."

"ఊడదీస్తే పగలవా అన్నా?"

"ఇంకెవరన్నా తీస్తే పగుల్తాయి. నేను తీస్తే పగలవు." లోటా తిరిగిచ్చేస్తూ మూతి తుడుచుకున్నాడు. "లెక్క వేసుకోండి మళ్లీ."

ఆమె వేసింది. సరిపోయింది! సరిపోగా ఇంకా పిసరంత మిగిలింది. ఆమె లేచి నిలబడి ఆకాశం వైపు చేతులు జోడించింది. ఎక్స్‌ట్రా అన్న, "దండాలు తర్వాత, ముందు ఆ గునపం ఇటు అందించండి," అన్నాడు.

అతను అన్నట్టే తీశాడు. దగ్గరుండి తీయించాడు. ఎవరైనా రాయి విసిరితే సొంత పిల్లను విసిరినట్టు అరిచాడు. కాలువ మళ్లింది, ట్యాంకు దిగింది, స్లాబు పడింది. స్లాబు వేసిన రోజున కాంక్రీటు తట్టలు అందించడానికి రోగుల వాళ్లు కూడా వరసలో నిలబడ్డారు. వద్దన్నా వినలేదు. ఊడ్చే ఆవిడ, టీ కొట్టతను కూడా వచ్చారు. వాళ్లందరికీ ఎక్స్‌ట్రా అన్న కూలీ కట్టబోతే, "మా ఇంటికి మేం వేసుకుంటే కూలీ ఏంటయ్యా?" అని పెద్దమ్మ కసిరింది.

ఆఖరి బిల్లు పెద్ద ఇంజనీరు తానే రెండుసార్లు కూడాడు. మంజూరైన అంకె ఒక పక్క, అయిన ఖర్చు ఒక పక్క. తేడా ఒక తలుపు రంగు ఖర్చంత ఉంది, అది కూడా మిగులు వైపు. సవరించిన అంచనా అవసరం లేకుండా ఆ కార్యాలయంలో ఒక భవనం ముగియడం ఆయన ఉద్యోగకాలంలో అదే మొదటిసారి. కుర్చీలోంచి లేచి, గది బయటికి వచ్చి, అందరి ముందూ ఆమెతో చెయ్యి కలిపాడు. పక్క సీటాయన ఆ మర్నాడే తన కొత్త అంచనా పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "ఏమీ కలపలేదు తల్లీ. ఒట్టు. ఎక్కడ చాలదో చెప్పు," అని కుర్చీ లాక్కున్నాడు. కత్తెరాయన ఒక కార్డు రాశాడు. ఇకమీదట ఆమె సంతకమున్న అంచనాలకు తను బస్సెక్కి రానక్కరలేదనీ, అయినా పిలిస్తే వస్తాననీ.

వసతి గృహం తెరిచిన వారంలోనే పెద్దవాన పట్టుకుంది. పట్టపగలు చీకట్లు కమ్మాయి. సరిపోదమ్మ ఆఫీసులో కూర్చోలేకపోయింది. గొడుగేసుకుని, సగం తడిసి, పరుగున వెళ్లింది. లోపలికి వెళ్లి ఎవరినీ పలకరించకుండా మూలమూలనా కప్పుకేసి చూసింది. కిటికీల కింద గోడను చేత్తో తడిమింది. పొడిగా ఉంది. స్నానాల గదుల దగ్గర చూసింది. నీళ్లు పోవలసిన దారినే పోతున్నాయి.

హాలు నిండా జనం. నడుమెత్తు గోడ అవతల పాలు కాగుతున్నాయి. వైద్యం ఆఖరి విడతకు వచ్చిన పెద్దమ్మ కోడలు, ఎవరి ఆసరా లేకుండా నడిచి వచ్చి, ఒక పొడి తువాలు తెచ్చి సరిపోదమ్మ తల మీద వేసింది.

"ముందు తుడుచుకోండమ్మా. ఇంట్లో అందరం పొడిగా ఉన్నాం, మీరొక్కరే తడిశారు."

అంతలో ఉరిమింది. వాన రెట్టించి స్లాబు మీద దబదబా దరువేసింది. ఒక పసివాడు ఉలిక్కిపడి కప్పుకేసి చూశాడు. అందరూ చూశారు. ఒక్క చుక్క రాలేదు.

"కురవనీ!" అంది పెద్దమ్మ కాళ్లు బారజాపుకుంటూ. "ఎంత కురుస్తుందో కురవనీ!"

హాలంతా ఘొల్లున నవ్వింది. నవ్వులో సరిపోదమ్మ గొంతే అందరికన్నా పైన వినిపించింది.